పందిరి ఏదైనా పెళ్ళి నిలవాలి

నూజివీడు చుట్టుపక్కల మామిడి కోతలూ పెళ్ళి ముహూర్తాలూ కలిసే వస్తాయి. చైత్రం చివర్లో కాయ ముదురుతుంది. వైశాఖ జ్యేష్ఠాల్లో బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయ లారీలెక్కి నున్న మార్కెట్టుకు వెళ్తాయి. మంచి ముహూర్తాలు దండిగా ఉండేదీ ఆ నెలల్లోనే. ఆషాఢం రాగానే రెండూ సద్దుమణుగుతాయి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం ఊళ్ళలో పిల్ల పెళ్ళి ఎప్పుడంటే, ఈ ఏడు కాపు ఎలా ఉందో చూసి చెబుతామనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

ఒకప్పుడు ఆ ఇళ్ళలో పెళ్ళి మాట రాగానే సంబంధం ఏది, కట్నం ఎంత, ముహూర్తం ఎప్పుడు అని అడిగేవారు. ఎలా చేయాలని ఎవరూ అడిగేవారు కాదు. కులం తెలిస్తే తంతు తెలిసినట్టే. ఇప్పుడు ఆ అడగని ప్రశ్నే ముందుకొచ్చింది. అబ్బాయి అమెరికాలో ఉంటాడు, వీసాకు పెళ్ళి సర్టిఫికెట్ ముందే కావాలంటాడు. ట్రిపుల్‌ఐటీలో చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి వేరే కులం అబ్బాయినో, వేరే మతం అబ్బాయినో చేసుకుంటానంటుంది. తాతగారు దండల పెళ్ళి చేసుకున్న కామ్రేడ్, నాయనమ్మకు పందిట్లో మంత్రాలు కావాలి. పందిట్లో చేద్దామా, ద్వారకా తిరుమలలో చేద్దామా, చర్చిలోనా, ఫంక్షన్ హాల్లో దండలు మార్పిద్దామా, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలతో సరిపెడదామా అన్నది ఇంటింటి చర్చ అయింది.

ఈ చర్చ ఎక్కువగా పరువు, ఖర్చు, మొహమాటాల చుట్టూ తిరుగుతుంది. అసలు సంగతి ఇంకాస్త లోతున ఉంది. పెళ్ళి పద్ధతిని ఎంచుకున్నప్పుడే ఆ జంట ఏ చట్టం కింద బతకబోతోందో కూడా చాలావరకు ఖాయమవుతుంది. భార్యగా నిరూపించుకోవాల్సి వచ్చినా, విడిపోవాల్సి వచ్చినా, తోట పంచుకోవాల్సి వచ్చినా ఆనాడు ఎంచుకున్న పద్ధతే అడ్డు పడుతుంది లేదా ఆదుకుంటుంది. అందుకని మన దగ్గర ఉన్న పద్ధతులన్నిటినీ ఒక్కచోట పెట్టి, దేనికి ఏం బలముందో, ఏ లోటుందో చూడటం అవసరం.

మార్పు ఎక్కడ మొదలైంది

తెలుగునాట పెళ్ళి తంతును ప్రశ్నించడం కొత్తగా వచ్చింది కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గోగులపాటి శ్రీరాములుకు, బాలవితంతువు గౌరమ్మకు వివాహం చేయించారు. వితంతు వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే వచ్చినా, మన జిల్లాల్లో దాన్ని ఆచరణలోకి తేవడానికి పాతికేళ్ళు పట్టింది. వీరేశలింగం తంతును మార్చలేదు. శాస్త్రం ఒప్పుతుందని పండితులతో వాదించి, మంత్రాలతోనే పెళ్ళి జరిపించారు. ఆయన మార్చింది ఆ పీటల మీద ఎవరు కూర్చోవచ్చన్న నియమాన్ని.

తంతు మీదికి వెళ్ళింది త్రిపురనేని రామస్వామి చౌదరి. 1887లో కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టిన ఆయన, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ తాము చేస్తున్న ప్రమాణం ఏమిటో తెలియకుండా చేయకూడదన్నారు. ‘వివాహవిధి’ పేరుతో పెళ్ళి ప్రక్రియను తెలుగులోకి తెచ్చారు, స్వయంగా పెళ్ళిళ్ళు జరిపించారు. పౌరోహిత్యం ఒక కులం సొత్తు కాదన్న మాటను కృష్ణా, గుంటూరు పల్లెల్లో నిలబెట్టింది ఆ ఉద్యమమే.

గోరాగా పేరు పొందిన గోపరాజు రామచంద్రరావు ఇంకో అడుగు వేశారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో దాన్ని విజయవాడ పటమటకు మార్చారు. ఆయన కుమార్తె మనోరమకు, దళిత యువకుడు అర్జునరావుకు పెళ్ళి నిశ్చయమైతే సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానని గాంధీజీ ఒప్పుకున్నారు. గోరా నాస్తికుడు కాబట్టి దేవుడి పేరు ఉన్నచోట సత్యం పేరు పెట్టడానికీ సమ్మతించారు. గాంధీజీ హత్య జరిగాక, 1948లో ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లోనే అయింది. 1960లో గోరా కుమారుడు లవణం మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను పెళ్ళాడారు.

అదే కాలంలో కమ్యూనిస్టులు పెళ్ళిని సభగా మార్చారు. పుచ్చలపల్లి సుందరయ్య, లీల 1943లో బొంబాయిలో నిరాడంబరంగా ఒక్కటయ్యారు. ఆ తరం నుంచి కృష్ణా జిల్లా పల్లెల్లో ఎర్రజెండాల మధ్య దండలు మార్చుకునే పెళ్ళిళ్ళు పాకాయి. పీటల మీద కూర్చునే అర్హత, తంతు భాష, సాక్షిగా నిలిచే దేవుడు, ఇలా ఒక్కోతరం ఒక్కో విషయాన్ని తిరిగి ఆలోచించింది. మన తరం ముందున్నది వీటితోపాటు చట్టం ముందు ఏది నిలుస్తుందన్న ప్రశ్న.

పందిట్లో పెళ్ళి

ఇప్పటికీ ఎక్కువమంది కోరుకునేది ఇదే. రాట వేసి, పచ్చి కొబ్బరాకు పందిరి కింద మామిడాకు తోరణాలు కట్టి, పెళ్ళికొడుకును చేసి, పెళ్ళికూతుర్ని చేసి, మేనమామ బుట్టలో అమ్మాయిని తెచ్చి కూర్చోబెట్టే పెళ్ళి. మనకు సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం తలల మీద పెట్టే క్షణం. తర్వాత మంగళసూత్రధారణ, తలంబ్రాలు, ఏడడుగులు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు. ఒకప్పుడు అయిదు రోజులు నడిచిన ఈ తంతు ఇప్పుడు ఒక సాయంత్రానికీ ఒక రాత్రికీ కుదించుకుపోయింది. అర్ధరాత్రి ముహూర్తాలు మన వైపు మామూలే. వచ్చినవాళ్ళంతా భోంచేసి వెళ్ళిపోయాక జీలకర్ర బెల్లం పెట్టేవేళకు పందిట్లో మిగిలేది దగ్గరివాళ్ళూ ఫొటోగ్రాఫరే.

చట్టం దృష్టిలో ఈ పెళ్ళికి గట్టి పునాది ఉంది. 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 7 ప్రకారం వధూవరుల్లో ఏ ఒక్కరి ఆచారం ప్రకారం తంతు జరిగినా పెళ్ళి చెల్లుతుంది. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్ళి పూర్తవుతుంది. కులాంతర వివాహాల్లో ఇది చాలామందికి తెలియని వెసులుబాటు. ఇద్దరూ హిందువులైతే అమ్మాయి వైపు పద్ధతిలోనైనా, అబ్బాయి వైపు పద్ధతిలోనైనా చేయవచ్చు. రెండూ కలిపి చేయాలన్న నిబంధన లేదు.

తంతులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న విషయంలో ఆడపిల్లలు ఇప్పుడు గొంతు విప్పుతున్నారు. నన్ను దానం ఇవ్వడమేమిటని కన్యాదానం వద్దనేవాళ్ళున్నారు. దాని వల్ల పెళ్ళి చెల్లకుండా పోతుందేమోనని పెద్దలు భయపడనక్కరలేదు. హిందూ వివాహానికి కన్యాదానం తప్పనిసరి కాదని 2024లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. ఏడడుగులు ఉంచి, కన్యాదానం మానేసి, ప్రమాణాల అర్థం తెలుగులో చెప్పించుకునే పెళ్ళి చట్టానికీ సంప్రదాయానికీ ఇమిడేదే. పంతులుగారితో నాలుగు రోజుల ముందు కూర్చుని మాట్లాడుకుంటే చాలామంది ఒప్పుకుంటారు కూడా.

మేనరికాల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. మేనమామనో, మేనబావనో చేసుకోవడం మన వైపు పాత అలవాటు. హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్ళిని నిషేధించినా, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. 1954 ప్రత్యేక వివాహ చట్టం అలా కాదు. మేనమామ కూతురు, మేనత్త కూతురు, అక్క కూతురు కూడా దాని మొదటి షెడ్యూలులోని నిషిద్ధ బంధువుల జాబితాలో ఉన్నారు. ప్రభుత్వం గెజిట్‌లో గుర్తించిన ఆచారానికే అక్కడ మినహాయింపు. కాబట్టి మేనరికం చేసుకునేవాళ్ళు నేరుగా రిజిస్టర్ పెళ్ళికి వెళ్ళే ముందు ఈ తేడా తెలుసుకోవాలి. రక్తసంబంధంలో పుట్టే పిల్లలకు వచ్చే జబ్బుల గురించి వైద్యుల సలహా తీసుకోవడం దానికంటే ముందు పని.

గుడిలో పెళ్ళి

పందిరి ఖర్చు భరించలేని ఇళ్ళవాళ్ళు, మొక్కు ఉన్నవాళ్ళు, హడావుడి వద్దనుకునేవాళ్ళు గుడికి వెళ్తారు. మనవాళ్ళకు దగ్గర్లో ఆగిరిపల్లి శోభనాచలం ఉంది, కాస్త దూరంలో చిన్నతిరుపతిగా పిలుచుకునే ద్వారకా తిరుమల ఉంది, అవతల అన్నవరం ఉంది. తిరుమలలో 2016 నుంచి దేవస్థానం కల్యాణ వేదికలో ఉచితంగా పెళ్ళిళ్ళు జరిపిస్తోంది. పురోహితుడు, మంగళవాద్యం అన్నీ దేవస్థానమే ఇస్తుంది. పేద కుటుంబాలకు 2007లో మొదలుపెట్టిన ‘కల్యాణమస్తు’ సామూహిక వివాహాలు కూడా ఆ సంస్థవే.

గుడి పెళ్ళి తంతు శాస్త్రోక్తమే కాబట్టి చట్టం ముందు బలంగానే ఉంటుంది. అయితే గుడివాళ్ళు ఇచ్చే రసీదును పెళ్ళి సర్టిఫికెట్ అనుకోవడం పొరపాటు. అది పెళ్ళి జరిగిందనడానికి ఒక ఆధారం మాత్రమే. పెద్దలకు చెప్పకుండా వెళ్ళే జంటలకు కొన్ని దేవస్థానాల్లో దారి ఉండదు, తల్లిదండ్రులు ఎదురుగా ఉండాలంటారు. అలాంటివాళ్ళు ఆర్యసమాజానికి వెళ్తారు. ఆర్యసమాజ వివాహాలకు 1937 చట్టం గుర్తింపు ఇచ్చింది. అక్కడా తంతు నిజంగా జరగాలి, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. సమాజంవాళ్ళ సర్టిఫికెట్ ఒక్కటే చాలదని కోర్టులు పదేపదే చెబుతున్నాయి.

చర్చి, నికా, తండా

క్రైస్తవుల పెళ్ళికి 1872 నాటి చట్టమే ఇప్పటికీ ఆధారం. ముందుగా ఆదివారం ఆరాధనలో ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పవచ్చు. మామూలుగా పెళ్ళి ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపే జరగాలి. లైసెన్సు ఉన్న పాస్టరు జరిపించి రిజిస్టరులో సంతకాలు తీసుకుంటారు. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా ఈ పద్ధతి వర్తిస్తుంది. ఉంగరాలతోపాటు శిలువ ఉన్న మంగళసూత్రం కట్టడం మన తెలుగు చర్చిల అలవాటు. ఎదుటే సంతకాలు, సాక్షులు ఉండటం వల్ల రుజువు విషయంలో ఇది చాలా పందిరి పెళ్ళిళ్ళకంటే మెరుగు.

దళిత కుటుంబాలకు ఇక్కడ ఒక కష్టం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే దక్కుతుంది. కాగితాల్లో ఒక మతం, ఆరాధనలో ఒక మతం ఉన్న కుటుంబాలు చర్చిలో పెళ్ళి చేయాలా వద్దా అని తర్జనభర్జన పడటానికి కారణం ఇదే. విశ్వాసానికీ, ఆ హోదా మీద ఆధారపడిన పిల్లల చదువుకీ మధ్య పేదవాణ్ణి ఎంచుకోమనడం అన్యాయం. చట్టం మారేదాకా ఆ కుటుంబాలు పెళ్ళికి ముందే న్యాయవాదిని అడిగి నడుచుకోవడం మంచిది.

ముస్లింలకు నికా ఒక ఒప్పందం. ఇద్దరి అంగీకారం, సాక్షులు, భర్త భార్యకు ఇవ్వాల్సిన మెహర్, ఒప్పంద పత్రమైన నికానామా అందులో ముఖ్యమైనవి. అమ్మాయిని అడిగి, ఆమె నోట ఒప్పుకోలు విని కాని పెళ్ళి జరపకపోవడం ఈ పద్ధతిలో గొప్ప సంగతి. మెహర్ భార్య హక్కు, దాన్ని నామమాత్రంగా రాయించుకోకూడదు. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి కూడా మామూలు చట్టం కింద భరణం అడిగే హక్కు ఉందని 2024 జులైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఎ.కొండూరు వైపు లంబాడీ తండాలున్నాయి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 2 ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. వాళ్ళ పెళ్ళికి వాళ్ళ ఆచారమే చట్టం, తండా నాయకుడూ పెద్దలే సాక్షులు. ఆడపిల్ల ఇంటికి ఓలి ఇచ్చే పాత ఆచారం పోయి, మైదానపు కట్నం తండాల్లోకి చొరబడటం విచారకరం. ఆచారం గురించి రాత ఉండదు కాబట్టి తండా పెళ్ళిళ్ళకు రిజిస్ట్రేషన్ మరీ అవసరం.

దండల పెళ్ళి

కృష్ణా జిల్లాకు గర్వకారణమైన పద్ధతి ఇది. ముహూర్తం లేదు, కట్నం లేదు, పురోహితుడు లేడు. సభ పెట్టి, పెద్దలు నాలుగు మాటలు మాట్లాడి, వధూవరులు ప్రమాణ పత్రం చదివి దండలు మార్చుకుంటారు. కులాన్ని పక్కన పెట్టి ఎన్నో జంటలు ఈ వేదికల మీద ఒక్కటయ్యాయి. తక్కువ ఖర్చు, ఇద్దరికీ సమానమైన మాట, అందరికీ అర్థమయ్యే భాష దీని బలాలు.

దీని బలహీనత చట్టంలో ఉంది. తమిళనాట పెరియార్ నడిపిన ఆత్మగౌరవ వివాహాలు చెల్లవని 1950లలో మద్రాసు హైకోర్టు చెప్పింది. అన్నాదురై ప్రభుత్వం 1967లో హిందూ వివాహ చట్టానికి సెక్షన్ 7ఎ చేర్చి వాటికి ప్రాణం పోసింది. దాంతో బంధుమిత్రుల ఎదుట దండలో, ఉంగరాలో మార్చుకున్నా, తాళి కట్టినా అక్కడ పెళ్ళి చెల్లుతుంది. ఆ సెక్షన్ ఆంధ్రప్రదేశ్‌కు వర్తించదు. పార్టీ నాయకులు జరిపించిన సభలో, వేయిమంది చప్పట్ల మధ్య దండలు మార్చుకున్న జంట పెళ్ళి కూడా కోర్టులో ప్రశ్నకు నిలవకపోవచ్చు.

దాని దెబ్బ ఎక్కువగా ఆడవాళ్ళకే తగులుతుంది. తప్పనిసరి తంతు జరగని పెళ్ళి పెళ్ళే కాదని, అందువల్ల దాన్ని ద్విభార్యత్వ నేరంగా పరిగణించలేమని సుప్రీంకోర్టు 1965లో భావూరావు లోఖండే కేసులో చెప్పింది. మొదటి పెళ్ళే దండలతో జరిగి, రిజిస్టర్ కాకపోతే, భర్త ఇంకొకరిని చేసుకున్న రోజున ఆ భార్య ఏమని ఫిర్యాదు చేయగలదు? ఆదర్శం కోసం ముందుకొచ్చిన ఆడపిల్లను ఆ స్థితిలో నిలబెట్టడం ఏ ఉద్యమానికీ తగదు.

దీనికి మందు చట్టంలోనే ఉంది. ప్రత్యేక వివాహ చట్టం సెక్షన్ 12 ప్రకారం పెళ్ళి ఏ రూపంలోనైనా జరుపుకోవచ్చు. వివాహ అధికారి ముందు, ముగ్గురు సాక్షుల ఎదుట, నిన్ను చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నానని ఇద్దరూ ఒకరితో ఒకరు చెప్పుకుంటే చాలు. ముందు నోటీసు ఇచ్చి ఆ మాటలు అధికారి ఎదుట చెప్పి, అదే రోజు సభలో దండలు మార్చుకుంటే ఆదర్శమూ నిలుస్తుంది, పెళ్ళీ నిలుస్తుంది. ఇలాంటి పెళ్ళిళ్ళు జరిపించే సంఘాలన్నీ దీన్ని నియమంగా పెట్టుకోవాలి.

రిజిస్టర్ పెళ్ళి

రిజిస్టర్ పెళ్ళి అన్న మాట కింద రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది, తంతుతో జరిగిన పెళ్ళిని తర్వాత నమోదు చేయించడం. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి వివాహాల నమోదు తప్పనిసరి. దేశమంతటా తప్పనిసరి చేయాలని 2006లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రెండోది, ప్రత్యేక వివాహ చట్టం కింద అధికారి ముందే పెళ్ళి చేసుకోవడం.

మొదటి దాంట్లో ఒక పెద్ద పొరపాటు జరుగుతోంది. వీసా తొందరలో నిశ్చితార్థం కాగానే, తంతు జరగకుండానే, హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించేస్తున్నారు. పెళ్ళి తర్వాత తీరిగ్గా చేద్దామంటున్నారు. 2024 ఏప్రిల్‌లో డాలీ రాణి కేసులో జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టిన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం దీని గురించే హెచ్చరించింది. తంతు జరగని హిందూ వివాహాన్ని సర్టిఫికెట్ పెళ్ళిగా మార్చలేదని చెప్పింది. ఆ మధ్యకాలంలో సంబంధం చెడితే అమ్మాయి పెళ్ళి అయినట్టూ కాదు, కానట్టూ కాదు. కాగితం ముందే కావాలంటే, నోటీసు ఇచ్చి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవడం సరైన దారి.

ఆ దారిలో 30 రోజుల గడువు ఉంది. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న ప్రాంతంలో నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అతికిస్తారు, అభ్యంతరాలకు 30 రోజులు ఆగుతారు. 3 నెలల్లోపు పెళ్ళి చేసుకోకపోతే నోటీసు మురిగిపోతుంది. కులాలు, మతాలు వేరైన జంటలకు ఈ నెల రోజులు గండంగా ఉంటాయి. నోటీసు బోర్డు మీద పేర్లు చూసి ఊరికి కబురందుతుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న ప్రణయ్‌ను పట్టపగలు చంపిన ఘటన చూశాక ఆ భయాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోలేరు. అదే ఏడాది శక్తివాహిని తీర్పులో ఇలాంటి జంటలకు పోలీసు రక్షణ, సురక్షిత నివాసాలు కల్పించాలని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాదం ఉందనుకుంటే నోటీసు ఇచ్చే ముందే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా తెలియజేయాలి.

పెళ్ళి పేరు దక్కని జంటలు

చట్టం పెళ్ళిగా గుర్తించని జంటలూ మన మధ్య ఉన్నాయి. 2021 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో సుప్రియో, అభయ్ బంధుమిత్రుల మధ్య ఉంగరాలు మార్చుకుని ఒక వేడుక చేసుకున్నారు. ఆ సుప్రియో పేరు మీద నడిచిన కేసులోనే 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వడం పార్లమెంటు పని అంది. కలిసి బతికే హక్కును మాత్రం కాదనలేదు. పురుషుడితో పెళ్ళి కోరే ట్రాన్స్ మహిళకు, స్త్రీతో పెళ్ళి కోరే ట్రాన్స్ పురుషుడికి ఇప్పుడున్న చట్టాల కిందే ఆ హక్కు ఉందని చెప్పింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల కేసులో, తండ్రి నిర్బంధం నుంచి కూతురికి విముక్తి కలిగించి ఆమె ఇష్టప్రకారం వెళ్ళనిచ్చింది. ఇలాంటి జంటలు వేడుక చేసుకోవడంలో నేరమేమీ లేదు. అయితే ఆ వేడుక వారసత్వం ఇవ్వదు. వీలునామా, ఉమ్మడి బ్యాంకు ఖాతా, బీమాలో నామినీ వంటివి విడివిడిగా రాసుకోవాలి.

పెళ్ళి కాకుండా కలిసి ఉండే స్త్రీపురుషుల విషయంలో, ఆ బంధం పెళ్ళి లాంటిదైతే 2005 గృహహింస చట్టం స్త్రీకి రక్షణ ఇస్తుంది. భార్యకుండే వారసత్వం మాత్రం ఉండదు.

తోట ఎవరికి చెందుతుంది

నూజివీడు సీమలో చివరికి అన్ని దారులూ తోట దగ్గరకే చేరతాయి. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చేలా ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకు పిత్రార్జితంలో వాటా ఇచ్చింది, ఆనాటికి పెళ్ళి కాని కూతుళ్ళకే. దాంతో అక్క పెళ్ళి ఆ తేదీకి ముందు జరిగిందా, తర్వాత జరిగిందా అన్నదే వాటాను తేల్చే ప్రశ్న అయింది. రిజిస్ట్రేషన్ లేని పెళ్ళిళ్ళకు తేదీ రుజువు చేయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. 2005 కేంద్ర సవరణతో ఆ తేడా పోయి కూతుళ్ళందరికీ సమాన హక్కు వచ్చింది.

ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే వాటా పోతుందన్న భయం ఊళ్ళలో ఉంది. ఇద్దరూ హిందువులైతే 1976 సవరణ ప్రకారం హిందూ వారసత్వమే కొనసాగుతుంది, ఏమీ మారదు. ఒకరు వేరే మతం వారైతే హిందువైన వ్యక్తి ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. ఉన్న వాటా వాళ్ళదే, అది పోదు. అయితే అప్పటి నుంచి వాళ్ళ ఆస్తికి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఇది ముందే తెలిస్తే తండ్రీ కూతుళ్ళ మధ్య సగం తగాదాలు రావు.

పసుపు కుంకుమ కింద ఎకరం తోట ఇచ్చామనే మాట మన వైపు మామూలే. నోటిమాటతో ఇచ్చిన తోట చట్టం ముందు ఇచ్చినట్టు కాదని, స్థిరాస్తి కాబట్టి రిజిస్టరు కావాల్సిందేనని మన హైకోర్టు ఫుల్ బెంచి తేల్చింది. ఇవ్వదలిస్తే అమ్మాయి పేరునే గిఫ్టు డీడు రాసి ఇవ్వాలి. పెళ్ళికి ఒప్పుకునే షరతుగా అడిగితే అది కట్నం. ఆంధ్రప్రదేశ్ 1958లోనే దాన్ని నిషేధించింది, 1961లో దేశం నిషేధించింది. ఇష్టపూర్వకంగా ఇచ్చే బహుమతులకు జాబితా రాసి ఇద్దరి సంతకాలు పెట్టాలని 1985 నియమాలు చెబుతున్నాయి. దాన్ని పాటించే ఇల్లు ఊరికి ఒకటి కూడా కనిపించదు.

ఖర్చు గురించి రైతు కుటుంబాలకు ఒక మాట. బంగినపల్లి ఏటా ఒకేలా కాయదు. పూత నిలవకపోయినా, వైశాఖంలో ఒక్క ఈదురుగాలి వచ్చినా లెక్కలు తారుమారవుతాయి. పూత మీదే తోట బేరం పెట్టి అడ్వాన్సు తీసుకుని, ఆ డబ్బు ఫంక్షన్ హాలుకూ, డెకరేషన్‌కూ, వీడియోకూ కట్టి, కాపు పడిపోయాక అదే తోటను తాకట్టు పెట్టిన ఇళ్ళు అందరికీ తెలిసినవే. పెళ్ళి చెల్లడానికి చట్టం అడిగే వస్తువుల్లో ఖరీదైనది ఒక్కటి కూడా లేదు.

ఎలా ఎంచుకోవాలి

ఇన్ని పద్ధతుల్లో ఇదే గొప్పదని చెప్పలేం. నమ్మకం ఉన్నవాళ్ళకు పందిరీ, గుడీ, చర్చీ, నికా గౌరవప్రదమైన దారులే. నమ్మకం లేనివాళ్ళకు సభ ఉంది. మతాలు వేరైన వాళ్ళకు ప్రత్యేక వివాహ చట్టాన్ని మించిన నీడ లేదు. ఎవరూ మతం మార్చుకోనక్కరలేకుండా ఇద్దరినీ సమానంగా చూసేది అదొక్కటే. ఆ చట్టంలోని నోటీసు అతికించే నియమం పోవాలి, దండల పెళ్ళికి తమిళనాడు ఇచ్చిన గుర్తింపు మన శాసనసభా ఇవ్వాలి. ఈ రెండూ ప్రభుత్వం చేయాల్సిన పనులు.

ఇంట్లో చేయాల్సినవీ ఉన్నాయి. శుభలేఖ అచ్చువేయక ముందే వధూవరులిద్దరినీ కూర్చోబెట్టి, ఏ తంతు, ఏ చట్టం, ఎంత ఖర్చు అన్నవి వాళ్ళనే అడగాలి. పెళ్ళికూతురి మాట విన్నాకే పంతులుగారికో, పాస్టరుగారికో, ఖాజీగారికో కబురు పంపాలి. తంతు జరిపాకే రిజిస్ట్రేషన్, లేదంటే నోటీసు ఇచ్చి అధికారి ముందు పెళ్ళి, ఈ వరస తప్పకూడదు. పెళ్ళయిన నెలలోపు నూజివీడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు ఇద్దరూ సాక్షులతో వెళ్ళి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఒక కాపీ అమ్మాయి పుట్టింట్లో ఉంచాలి. ఈ ఏడు మీ ఇంట్లో పెళ్ళి ఉంటే హాలు బుక్ చేసే ముందే ఈ పనికి ఒక రోజు కేటాయించండి.